గవదలు కావవి

2023 ఆగస్టులో ఒక ఆదివారం పొద్దున్న మా మేనకోడలికి తల దువ్వుతున్నాను. దానికి అప్పుడు రెండున్నరేళ్ళు. ఇంట్లో అందరం బుజ్జి అంటాం. దువ్వెన నేను చేసిందే. ఒడిశాలోని పర్లాకిమిడిలో నాది కొమ్ము పని. గేదె కొమ్ముని సెగకి కాచి, సాపు చేసి, రంపంతో కోసి, ఆకురాయితో అరగదీసి కొంగలూ రొయ్యలూ దువ్వెనలూ చేస్తాం. నెత్తి మీద గీసుకోకుండా బుజ్జి దువ్వెనకి పళ్ళ చివర్లు గుండ్రంగా అరగదీశాను. ఆ రోజు కుడి చెవి వెనక నుంచి కిందికి దువ్వుతుంటే దువ్వెన ఎక్కడో ఎక్కి దిగినట్టయింది.

దువ్వెన పక్కన పెట్టి వేళ్ళతో తడిమాను. రోజంతా నునుపు చూసుకునే వేళ్ళు ఇవి, కొమ్ము మీద కంటికి ఆనని గీత కూడా వీటికి తెలుస్తుంది. దవడ ఎముక కింద పెద్ద చింతగింజంత ఒకటి, దాని కింద శనగగింజల్లాంటివి రెండు. నొక్కితే పాప ఏడవలేదు. రబ్బరులా గట్టిగా ఉన్నాయి.

అమ్మ వచ్చి చూసింది. "గవదలేరా. దానికింత కంగారేటి?" అని తన మెడలో గొలుసు తీసి పాపకి వేసింది. గవద బిళ్ళలు కడితే బంగారు గొలుసు వెయ్యడం మన ఇళ్ళల్లో ఉన్నదే. పెద్దావిడ గొలుసు ఆ చిన్న మెడకి రెండు చుట్లు తిప్పితే గానీ నిలవలేదు. గొలుసు పడ్డాక ఇంకా బాగా కనిపించింది. ఎడమవైపు ఒంటికి అంటుకుని ఉంది, కుడివైపు లేచి ఉంది.

వేరే పిల్ల అయితే నేనూ నాలుగు రోజులు చూసేవాణ్ణి. కానీ బుజ్జి కడుపులో ఉన్నది నా కాలేయం ముక్క.

* * *

ఈ సంగతి మొదటి నుంచి చెప్పాలి.

అక్కని గుణుపురం ఇచ్చాం. బావకి అక్కడ కరెంటు సామాన్ల కొట్టు. 2021 ఫిబ్రవరిలో బుజ్జి పుట్టింది. పుట్టిన వారానికి పచ్చకామెర్లు అన్నారు, ఎండలో పెట్టమన్నారు. నెల దాటినా తగ్గలేదు. పాప దొడ్డికి వెళ్తే తెల్లగా, తడిపిన సుద్దలా ఉండేది. పాలు తాగే పిల్లకి అలాగే ఉంటుందని నలుగురూ అంటే నమ్మాం. ఇది చదివేవాళ్ళ ఇంట్లో చంటిపిల్ల ఉంటే ఈ ఒక్క మాట చెవిన వేసుకోండి: రెండు వారాలు దాటిన కామెర్లు, తెల్లటి విరేచనం కలిసి కనపడితే ఆగకూడదు. కాలేయం నుంచి పిత్తం పేగులోకి దిగే గొట్టాలు మూసుకుపోయే జబ్బు అది. బిలియరీ అట్రీసియా అంటారు. పేగుని నేరుగా కాలేయానికి కలిపి కుట్టే ఆపరేషన్ ఒకటుంది, 60 రోజుల లోపు చేస్తే బాగా పనిచెయ్యడానికి ఎక్కువ అవకాశం ఉంటుంది. మేం హైదరాబాద్ చేరేసరికి 80 రోజులు దాటింది.

ఆ ఆపరేషన్ పేరు కసాయ్. మోరియో కసాయ్ అనే జపాన్ సర్జన్ కనిపెట్టారు కాబట్టి ఆ పేరు. నర్సు వచ్చి "రేపు పాపకి కసాయి చేస్తారమ్మా" అన్నప్పుడు అక్క మంచం కోడు పట్టుకుని కూలబడిపోయింది. తెలుగు ఇంట్లో పుట్టినవాళ్ళకి ఆ మాట ఎలా వినపడుతుందో ఆ అమ్మాయికి తట్టలేదు. తర్వాత పెద్ద డాక్టరమ్మ వచ్చి అక్క పక్కన కూర్చుని, అది ఒక మంచి మనిషి పేరు, ఎన్నో వేలమంది పిల్లల్ని బతికించిన పేరు అని చెప్పింది. ఆలస్యమవడం వల్ల మా పాపకి అది పట్టలేదు. కడుపు ఉబ్బింది, ఒళ్ళు పసుపు నుంచి ఆకుపచ్చలోకి తిరిగింది. కాలేయం మార్చాలన్నారు.

మాకు నది దాటితే పాతపట్నం, ఇంకొంచెం పోతే ఉద్దానం. ఉద్దానం వల్ల కిడ్నీ జబ్బు అంటే మా వైపు ప్రతి ఇంటికీ తెలుసు. డయాలసిస్ అన్న మాట చదువు రాని ముసలమ్మ కూడా అంటుంది. కాలేయం అంటే మాత్రం తాగి పాడు చేసుకునేది అనే తెలుసు. నెలల పిల్లకి కాలేయం పోయిందంటే ఎవరూ నమ్మలేదు. "పాలతో పోయేదేటి?" అని అడిగినవాళ్ళున్నారు.

అక్క బ్లడ్ గ్రూపు కలవలేదు. బావకి కలిసింది గానీ కాలేయానికి కొవ్వు పట్టి ఉందన్నారు. అమ్మకి వయసు దాటింది. నాది ఓ పాజిటివ్, పాపది ఓ పాజిటివ్. నేనిస్తానన్నాను. అప్పుడు తెలిసింది, 1994 నాటి అవయవ మార్పిడి చట్టం లెక్కలో మేనమామ దగ్గరి బంధువు కాడు. భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు ఉన్నారు. 2011లో సవరించి తాత, అమ్మమ్మ, నానమ్మల్నీ మనవల్నీ చేర్చారు. మేనమామ లేడు. పిల్ల చెవులు కుట్టించేది నా ఒళ్ళో, రేపు పెళ్ళిలో బుట్టలో ఎత్తుకొచ్చేది నేను. అలాంటి నేను డబ్బు కోసం ఇవ్వడం లేదని కమిటీ ముందు కూర్చుని చెప్పుకోవాలి. చట్టం ఎందుకు అలా ఉందో నాకు తెలుసు, అవయవాలు అమ్ముకునే దందాలు జరిగాయి కాబట్టే. అయినా ఆ రోజు మనసుకి కష్టమైంది. తహసీలు కాగితాలు ఒడియాలో, ఆస్పత్రి కాగితాలు ఇంగ్లీషులో, మా ఏడుపు తెలుగులో. 1936లో గీసిన ఒడిశా సరిహద్దు గీత మీద కూర్చున్నవాళ్ళకి ఇది రోజూ ఉండేదే.

2022 జనవరిలో నా కాలేయం ఎడమ పక్క నుంచి చిన్న భాగం, సుమారు ఐదో వంతు, తీసి పాపకి పెట్టారు. నాకు మిగిలింది నెలల్లో మళ్ళీ పెరిగింది. నాలుగో రోజుకి పాప కళ్ళల్లో తెలుపు కనపడింది. అక్క ఆ తెలుపు చూసి ఏడ్చినంత, అంతకు ముందు జబ్బుకి కూడా ఏడవలేదు.

* * *

ఆ తర్వాత జీవితం టాక్రోలిమస్ గడియారం మీద నడిచింది. కొత్త కాలేయం మీద ఒళ్ళు తిరగబడకుండా వేసే మందు అది. పొద్దున్న 8, రాత్రి 8. మందుకి ముందు ఏమీ పెట్టకూడదు. రక్తం తీసేది పొద్దున్న మందు వేసే ముందే, వేశాక తీస్తే లెక్క తప్పుతుంది. పంపరపనస పెట్టొద్దన్నారు, ఆ రసం ఈ మందు మోతాదుని రక్తంలో పెంచేస్తుందట. మా పెరట్లో చెట్టుంది, కాయలన్నీ పంచేశాం. మొదటి ఏడాది వైద్యం కోసం అక్కా పాపా మా ఇంట్లోనే ఉన్నారు. గుణుపురం కన్నా ఇక్కడి నుంచి పలాస దగ్గర, పలాసలో ఫలక్‌నుమా ఎక్కితే సికింద్రాబాద్.

మొదట్లో రక్తపరీక్షల్లో ఈబీవీ పీసీఆర్ అని ఒక వైరస్ పరీక్ష ఉండేది, ఎందుకని మేం అడగలేదు. మిగతా అన్నిటి మీదా పాణం పెట్టుకుని చూసేవాళ్ళం. కామెర్ల లెక్క బిలిరుబిన్ ఎంత, కాలేయం దెబ్బతింటే పెరిగే ఎస్జీపీటీ ఎంత, టాక్రోలిమస్ ఎంత. ఈబీవీ దగ్గర "డిటెక్ట్ కాలేదు" అని ఉంటే దాటిపోయేవాళ్ళం. ఏడాది గడిచాక పరీక్షలు దూరం జరిగాయి. 2023 వేసవిలో చెయ్యాల్సింది ఒకటి, ప్రయాణం కుదరక, ఇక్కడి ల్యాబులో లేక, వచ్చే నెల చూద్దాంలే అని వదిలేశాం. నేనే వదిలేద్దామన్నాను.

ఆ ఏడు రథయాత్ర రోజున బుజ్జిని భుజం మీద వేసుకుని జనంలో నిలబడ్డాను. డప్పుల మధ్యలోనే నిద్రపోయింది. నిద్రలో గురక. పెద్దవాళ్ళ గురకలాగా, గాలి ఆగి ఆగి తీసుకుంటోంది. చెవి పక్కనే వినపడుతుంటే ముద్దుగా ఉందని నవ్వుకున్నాను. జలుబు పట్టిందనుకున్నాం. నెలన్నర అలాగే గురక పెట్టింది. తిండి తగ్గింది. సాయంత్రం పూట ఒళ్ళు వెచ్చబడేది, పారాసిటమాల్ వేస్తే దిగేది. టాన్సిల్స్ ఉబ్బితే పిల్లలు గురక పెడతారని ఆ తర్వాత గానీ తెలియలేదు. మెడ మీద గడ్డ చేతికి తగలక ముందు నెలన్నర పాటు ఆ జబ్బు మా చెవుల్లో మోగుతూనే ఉంది.

* * *

గడ్డ చూసిన మర్నాడు పట్టణంలోనే ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన పేరు రాయను. చెడ్డవాడు కాదు, నా చిన్నప్పుడు నాకూ మందిచ్చినవాడే. మెడ తడిమి, సాయంత్రం జ్వరం, తిండి లేదు, బరువు తగ్గింది అని విని "టీబీ గడ్డ" అన్నాడు. సూదితో కొంచెం రసం తీయించాడు. రిపోర్టులో ఏదీ తేలలేదు. అయినా మందులు మొదలెడదాం, ఆలస్యం మంచిది కాదు అన్నాడు. మన వైపు పిల్లల మెడలో గడ్డ కనపడితే డాక్టర్లకి మొదట టీబీయే తడుతుంది, అందులో తప్పు పట్టడానికి లేదు. చీటీ మీద రాసిన మందుల్లో రిఫాంపిసిన్ ఉంది.

ఆ చీటీని నేను ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌కి ఫోటో తీసి పంపాను. ఎందుకు పంపానంటే ఏ కొత్త మందైనా, దగ్గు సిరప్ అయినా, వాళ్ళని అడక్కుండా వెయ్యొద్దని ఆపరేషన్ రోజున మా చేత సంతకం పెట్టించారు. ఐదు నిమిషాల్లో ఫోను వచ్చింది. "ఒక్క మాత్ర కూడా వెయ్యలేదు కదా? వెయ్యకండి. రేపటి బండికే రండి."

రిఫాంపిసిన్ కాలేయంలో మందుల్ని కరిగించే పనిని ఎన్నో రెట్లు పెంచుతుందట. టాక్రోలిమస్ ఒంట్లో నిలవదు, వేసింది వేసినట్టు పోతుంది. పాప ఒళ్ళు నా కాలేయం ముక్క మీద తిరగబడుతుంది. అసలు జబ్బు ఏంటో తేలకముందే ఉన్న కాలేయం పోగొట్టుకునేవాళ్ళం. నిజంగా టీబీయే అయితే దానికి కూడా వైద్యం ఉంటుంది, కానీ మందులు ఏరి, టాక్రోలిమస్ లెక్క రోజూ చూసుకుంటూ, ట్రాన్స్‌ప్లాంట్ డాక్టర్లే చెయ్యాలి.

మర్నాడు ఫలక్‌నుమాలో అక్క ఒళ్ళో బుజ్జి పడుకుంది. అమ్మ గొలుసు ఇంకా మెడలోనే ఉంది. తీసెయ్యమని ఎవరమూ అనలేదు.

* * *

హైదరాబాద్‌లో ఈబీవీ లెక్క లక్షల్లో వచ్చింది. జబ్బున్న చోట్లు వెలిగి కనపడే పెట్ స్కాన్ తీశారు. మెడలో, టాన్సిల్స్‌లో, కడుపులో పేగు పక్కన రెండు చోట్ల వెలిగింది. మత్తిచ్చి మెడ గడ్డ ఒకటి పూర్తిగా తీసి, టాన్సిల్ ముక్క కూడా తీసి బయాప్సీకి పంపారు. సూదితో తీస్తే కణాలు వస్తాయి గానీ గడ్డ లోపలి అమరిక తెలియదట. ఈ జబ్బులో ఆ అమరికే ముఖ్యం.

నాలుగు రోజుల తర్వాత మమ్మల్ని చిన్న గదిలో కూర్చోబెట్టారు. జబ్బు పేరు పీటీఎల్‌డీ. అవయవ మార్పిడి తర్వాత తెల్లరక్తకణాలు అదుపు తప్పి పెరిగే జబ్బు. అక్క ఒకటే అడిగింది, "కేన్సరా?" డాక్టరు వెంటనే ఔననలేదు, కాదనలేదు. "ఇది ఒక నిచ్చెన లాంటిదమ్మా. కింది మెట్టు మీద ఉన్నప్పుడు మామూలు వాపు. పైమెట్టు లింఫోమా, అంటే కేన్సర్. మీ పాప మధ్యలో ఉంది. పాలిమార్ఫిక్ అంటాం."

తర్వాత ఆయన చెప్పింది నా మాటల్లో రాస్తున్నాను. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. మాట్లాడే తెలుగులోనే చదువు చెప్పాలని ఆ మనిషి జీవితమంతా పోరాడాడు. మా ఊరివాడిగా ఇదొక్కటైనా వాడుక మాటలో రాయాలని నా కోరిక.

ఎప్‌స్టైన్-బార్ అని ఒక వైరస్ ఉంది, పొట్టిగా ఈబీవీ. 1964లో లండన్‌లో ఎప్‌స్టైన్, అచాంగ్, బార్ అనే ముగ్గురు కనిపెట్టారు. ఉగాండాలో డెనిస్ బర్కిట్ అనే సర్జన్ పిల్లల దవడల్లో చూసిన గడ్డల్లోంచి పంపిన ముక్కలో అది దొరికింది. మనిషి కేన్సర్ గడ్డలో వైరస్ దొరకడం అదే మొదలు. లోకంలో పెద్దవాళ్ళలో నూటికి 90 మందికి పైగా అది ఉంటుంది. ఎంగిలి ద్వారా వస్తుంది. చిన్నప్పుడే వచ్చేస్తే జలుబులా వచ్చి పోతుంది, మనకి తెలియదు. పోవడం అంటే నిజానికి పోదు, బీ కణాలనే తెల్లరక్తకణాల్లో చచ్చేదాకా నక్కి ఉంటుంది. టీ కణాలు దాన్ని కాపలా కాస్తాయి. వైరస్ పట్టిన బీ కణం తల ఎత్తితే టీ కణం కొట్టేస్తుంది. నాకూ, మీకూ ఇప్పుడు ఒంట్లో అదే జరుగుతూ ఉంటుంది.

టాక్రోలిమస్ కట్టేసేది ఆ టీ కణాలనే. కొత్త కాలేయాన్ని పరాయిదని కరవకుండా. ఇంటికి చుట్టం వచ్చాడని కుక్కల్ని కట్టేస్తాం కదా, ఆ రాత్రి దొంగ వచ్చినా కుక్క లేవలేదు. వైరస్ పట్టిన బీ కణాలు ఆపేవాళ్ళు లేక ఒకటి నాలుగై, నాలుగు నలభై అయి, గడ్డలు కట్టాయి. పెద్దవాళ్ళలో ఇది తక్కువ, ఎందుకంటే వైరస్ ముందే వచ్చి ఉంటుంది, కాపలా అలవాటై ఉంటుంది. ముందు ఎన్నడూ వైరస్ చూడని పిల్లకి, వైరస్ ఉన్న మనిషి అవయవం పెడితే, కాపలా నేర్చుకునే అవకాశమే లేకుండా నేరుగా వస్తుంది. అందుకే ఈ జబ్బు పిల్లల్ని ఎక్కువ పట్టుకుంటుంది. మార్పిడి తర్వాత మొదటి ఏడాది అన్నిటికన్నా ఎక్కువ భయం, తర్వాత కూడా రావచ్చు. పేగు మార్చినవాళ్ళకి ఎక్కువ, గుండె, ఊపిరితిత్తులు మార్చినవాళ్ళకి తర్వాత, కాలేయానికి, కిడ్నీకి ఇంకా తక్కువ.

"వైరస్ ఉన్న మనిషి అవయవం" అన్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు. చూడకపోవడం వల్లే నాకర్థమైంది.

* * *

ఆ రాత్రి ఆస్పత్రి వరండాలో కూర్చుని పాత ఫైలు తిరగేశాను. 2021 డిసెంబరు కాగితాల్లో, మా ఇద్దరి రక్తాల పట్టికలో ఉంది. ఈబీవీ ఐజీజీ, అంటే ఆ వైరస్ ముందే ఒంట్లోకి వచ్చిందా అని చెప్పే పరీక్ష: దాత పాజిటివ్, గ్రహీత నెగటివ్. హెపటైటిస్, హెచ్ఐవీ వరసల మధ్యలో ఒకే ఒక్క వరస. పక్కన పెన్సిలుతో ఎవరో నక్షత్రం గుర్తు పెట్టారు. ఆ నక్షత్రం దాదాపు రెండేళ్ళ నుంచి ఆ ఫైల్లోనే ఉంది. ఆ ఫైలు మా ఇంట్లో దేవుడి గూటి పక్కనే ఉంది.

నేనిచ్చిన ముక్కతో పాటే వెళ్ళింది. దాని ప్రాణం కాపాడాననుకుని ఏడాదిన్నర ఊరంతా తలెత్తుకు తిరిగాను. "మేనమామంటే నువ్వురా" అని బజార్లో ఆపి చెప్పినవాళ్ళున్నారు. ఆ వరండాలో నాకు నా చేతులు చూసుకోబుద్ధి కాలేదు.

మర్నాడు పొద్దున్న రౌండ్స్‌కి వచ్చిన డాక్టరుకి ఆ కాగితం చూపించాను. ఏమీ అడగలేదు, చూపించానంతే. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "మీ ఊళ్ళో వైరస్ లేని పెద్ద మనిషిని ఒక్కణ్ణి చూపించండి, వాళ్ళ కాలేయం పెట్టేవాళ్ళం. ఇక్కడ నేనిచ్చినా ఇదే అయ్యేది. మీరు ఇవ్వకపోయుంటే ఈ జబ్బు రావడానికి పాప ఉండేది కాదు" అన్నారు. అక్క అక్కడే నిలబడి ఉంది. నా భుజం మీద చెయ్యి వేసి "ఒరే, ఆకలేస్తందా?" అంది. ఇడ్లీ తీసుకొచ్చింది. ఆ విషయం మా ఇద్దరి మధ్యా మళ్ళీ ఎప్పుడూ రాలేదు. నాలో మాత్రం పోలేదు. దాతలైన అమ్మానాన్నలు ఇది చదివితే వాళ్ళకి తెలుస్తుంది నేను దేని గురించి చెబుతున్నానో.

వైద్యం మొదలైంది మందు తగ్గించడంతో. వినడానికి వింతగా ఉంటుంది గానీ ఈ గడ్డల్లో కొన్నిటికి అదే మందు. 1963లో డెన్వర్‌లో మనిషికి మొదటి కాలేయ మార్పిడి చేసింది థామస్ స్టార్జల్, అదీ మా బుజ్జి జబ్బే ఉన్న మూడేళ్ళ బాబుకి. ఆ బాబు బతకలేదు. ఆ స్టార్జల్ బృందమే 1984లో రాసింది, రోగనిరోధకతని అణిచే మందులు తగ్గిస్తే ఈ గడ్డలు కరిగిపోవడం చూశామని. కుక్కని విప్పితే దొంగని పట్టుకుంటుంది. కానీ చుట్టాన్నీ కరవొచ్చు. అందుకే ఇది ఇంట్లో చేసుకునే పని కాదు, ఎంత మాత్రమూ కాదు. రెండు రోజులకొకసారి రక్తం తీసి ఎస్జీపీటీ చూసేవారు. మొదట సగం చేశారు, తర్వాత పూర్తిగా ఆపారు. రెండు వారాలకి మెడ గడ్డలు కొంచెం మెత్తబడ్డాయి, గురక తగ్గింది. పేగు పక్కవి మాత్రం అలాగే ఉన్నాయి. అంతలో ఎస్జీపీటీ మూడింతలైంది. చుట్టం మీద పడుతోందన్న మాట. టాక్రోలిమస్ కొద్దిగా మళ్ళీ మొదలెట్టి, రిటుక్సిమాబ్ అన్నారు.

బీ కణాల పైన సీడీ20 అనే గుర్తు ఉంటుంది. రిటుక్సిమాబ్ ఆ గుర్తుని పట్టుకుని ఆ కణాల్ని చంపుతుంది. బయాప్సీలో పాప గడ్డకి ఆ గుర్తు ఉందని తేలింది కాబట్టి ఇవ్వగలిగారు. వారానికొకటి, నాలుగు వారాలు. ఇచ్చే ముందు హెపటైటిస్ బి ఉందేమో చూస్తారు, ఉంటే ఈ మందు దాన్ని లేపుతుంది. మొదటి సెలైన్‌లో పాపకి చలి, వణుకు, జ్వరం వచ్చాయి. ఆపి, నెమ్మది చేసి ఎక్కించారు. చుక్క చుక్క లెక్కపెడుతూ ఆరు గంటలు కూర్చున్నాం. జుట్టు ఊడిపోతుందని అక్క దిగులు పడింది. ఆ మందుకి జుట్టు ఊడదన్నారు, ఊడలేదు. దువ్వెన సంచిలోనే ఉంది, రోజూ దువ్వాను.

నాలుగో డోసు తర్వాత పెట్ స్కాన్‌లో ఏదీ వెలగలేదు. ఈబీవీ లెక్క వందల్లోకి దిగింది. మా బ్లాకులోనే ఇంకో పిల్లాడు, కిడ్నీ మార్చినవాడు, పన్నెండేళ్ళుంటాయి. వాడికి రిటుక్సిమాబ్ సరిపోలేదు, కీమో కూడా ఇచ్చారు. వాళ్ళ నాన్న నాతో టీ తాగేవాడు. డిశ్చార్జి రోజున వాళ్ళ దగ్గరికి వెళ్ళి ఏం చెప్పాలో తెలియక పాప చేతి బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చి వచ్చాను. యూరప్‌లో 2022 డిసెంబరులో టాబెలెక్లూసెల్ అనే వైద్యానికి అనుమతి వచ్చింది. ఈబీవీని గుర్తుపట్టే టీ కణాల్ని ఆరోగ్యవంతుల రక్తం నుంచి తయారుచేసి, మిగతా మందులకి లొంగనివాళ్ళకి ఎక్కిస్తారు. అంటే వేరే ఇంటి కాపలా కుక్కని తెచ్చి కాయించడం. అది మన దాకా వచ్చే రోజు కోసం ఆ నాన్న లాంటివాళ్ళు చూస్తున్నారు.

* * *

మార్పిడికి తయారవుతున్న పిల్లల ఇళ్ళల్లో నుంచి ఈ మధ్య నాకు ఫోన్లు వస్తున్నాయి. బరంపురం నుంచి, రాయగడ నుంచి, టెక్కలి నుంచి. అందరికీ చెప్పేది ఇదే. ఆపరేషన్‌కి ముందే అడగండి, దాతకి ఈబీవీ ఉందా, పిల్లకి ఉందా. ఉన్నా, లేకపోయినా ఆపరేషన్ మానుకునేది కాదు. కానీ ఆ వరస మీద మీ చేత్తో ఎర్ర పెన్నుతో గీత గీసుకోండి. దాతకి పాజిటివ్, పిల్లకి నెగటివ్ అయితే పీసీఆర్ ఎన్నాళ్ళకొకసారి అని రాయించుకోండి, ఒక్కటి కూడా నాలాగ వదలకండి. నెల దాటిన గురక, తగ్గని గొంతు నొప్పి, ఊరికే వచ్చి పోయే జ్వరం, విరేచనంలో రక్తం, కడుపునొప్పి, తగ్గే బరువు, చేతికి తగిలే గడ్డ, ఇందులో ఏదైనా ఆ రోజే ఫోను చెయ్యండి. నూటికి ఎక్కువసార్లు ఏమీ ఉండదు. ఏమీ లేదని వాళ్ళ నోటితో వినండి. స్నానం చేయించేటప్పుడు మెడ, చంకలు, గజ్జలు తడమడం అలవాటు చేసుకోండి. పిల్లలకి అది చక్కిలిగింతలాటలా ఉంటుంది.

ఆడపిల్లల తల్లిదండ్రులకి ఇంకొకటి. ఒంట్లో కాపలా తగ్గిన పిల్లలకి హెచ్‌పీవీ అనే ఇంకో వైరస్ వల్ల వచ్చే కేన్సర్ల భయం కూడా ఎక్కువే. దానికి టీకా ఉంది, 9 ఏళ్ళు నిండితే ఇస్తారు, మార్పిడి అయినవాళ్ళకి మూడు డోసులు. బుజ్జికి అది ఎప్పుడు వెయ్యాలో మా క్యాలెండరు చివరి పేజీలో అక్క ఇప్పుడే రాసి పెట్టింది.

బుజ్జి ఇప్పుడు బడికి వెళ్తోంది. బళ్ళో ఒడియా, ఇంట్లో తెలుగు. ఎంగిలి బాటిలు ఎవరి దగ్గరా తాగొద్దని చెప్పాం. ఈబీవీ ఎలాగూ వచ్చేసింది, మిగతా వైరస్‌లైనా రాకుండా. మీజిల్స్ లాంటి ప్రాణమున్న టీకాలు దానికి వెయ్యలేం కాబట్టి క్లాసులో ఎవరికి ఒంటి మీద పొక్కులు కనపడినా మాకు చెప్పమని టీచరమ్మకి ఒడియాలో ఉత్తరం రాయించి ఇచ్చాను. ఆవిడ దాన్ని హాజరు పట్టీ లోపల అంటించుకుంది.

అమ్మ గొలుసు మళ్ళీ అమ్మ మెడలోకి వెళ్ళింది. పాత దువ్వెనకి రెండు పళ్ళు విరిగితే పోయిన వారం కొత్తది చేశాను, జుట్టు ఒత్తయింది కదా, పళ్ళు కొంచెం దూరంగా. రేపు పొద్దున్న 8 గంటల మందుకి ముందే ల్యాబు అబ్బాయి రక్తం తీసుకోవడానికి వస్తాడు. బుజ్జి ఇప్పటికే అడిగింది, "మావా, ఏ చెయ్యి?" అని. ఎడమ చెయ్యి అని చెప్పాను. కుడిచేత్తో బొమ్మ గీసుకోవాలట.